అక్టోబరు రాకముందే ఫోన్లలోని ఫొటోల సంగతి చూద్దాం

కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి.

మన గ్రూపులో పది రోజులుగా ఒక చర్చ నడుస్తోంది. సంఘం ఫొటోలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఆఫీసు బీరువాలో పెడితే చాలని కొందరు పెద్దలన్నారు. గ్రూపులో ఎలాగూ పెట్టేశాం కదా, మళ్ళీ దాచడం ఎందుకని ఇంకొందరన్నారు. క్లౌడ్‌కి డబ్బు కట్టేస్తే గొడవ వదిలిపోతుందని మన కుర్రాళ్ళ మాట. మూడింట్లోనూ కాస్త నిజం ఉంది. మూడింటితోనూ నాకు పేచీ ఉంది. గ్రూపులో ఒకటి రెండు లైన్లలో చెబితే తగాదాలా ఉంటుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు ఎందుకీ తాపత్రయం అన్నది. "ఫొటోలే కదా, పోతే పోయాయి, మళ్ళీ తీసుకుంటాం" అని ఒక తమ్ముడు రాశాడు. వచ్చే ఏడాది ఉగాదికి మళ్ళీ తీసుకోవచ్చు, నిజమే. కానీ కిందటి ఉగాదికి ముందు వరసలో కూర్చున్న పెద్దాయన వచ్చే ఏడాది ఉండకపోవచ్చు. దానికన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. బరంపురం 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. మన తాతల కాలంలో ఈ ఊళ్ళో తెలుగు వాళ్ళం ఎలా బతికాం, ఏ వీధిలో ఏ మగ్గం ఆడింది, ఏ నాటకం ఎక్కడ వేశారు, ఏ బడిలో తెలుగు చెప్పారు అన్నది ఈనాడు చూపించడానికి మన దగ్గర ఉన్నవి ఎవరింట్లోనో మిగిలిన నాలుగు గ్రూపు ఫొటోలు, రెండు పెళ్ళి ఆల్బములు. భువనేశ్వర్‌లో ఉన్న వాళ్ళు మన ఫొటోలు దాచాలని కూర్చోరు. అమరావతిలోనో హైదరాబాదులోనో ఉన్న వాళ్ళకి మనం సరిహద్దు అవతలి వాళ్ళం. ఇచ్ఛాపురం దాటి ఇవతలికొస్తే మన సంగతి మనమే చూసుకోవాలి. ఇది కొత్త విషయం కాదు, తొంభై ఏళ్ళుగా ఉన్నదే.

మన తాతలు ఏడాదికి ఒక్క ఫొటో తీయించుకున్నారు, అది గోడ మీద ఉండిపోయింది. మనం ఒక్క కార్యక్రమానికి ఆరు వందలు తీస్తున్నాం. అయిదేళ్ళ తర్వాత అందులో ఒక్కటి కావాలంటే దొరకట్లేదు. కిందటి నెల సంఘం పాత కార్యవర్గం ఫొటో ఒకటి కావాల్సి వస్తే ఎనిమిది మందిని అడగాల్సి వచ్చింది. చివరికి దొరికింది, కానీ మొహాలు పోల్చుకోలేనంత చిన్నది.

ఎందుకు చిన్నదో చెబుతాను. ఇక్కడే వాట్సాప్ గ్రూపు సంగతి వస్తుంది. మామూలుగా వాట్సాప్‌లో పంపితే నాలుగైదు ఎంబీల ఫొటో రెండు మూడు వందల కేబీలకి దిగిపోతుంది. ఫోన్ తెర మీద తేడా తెలియదు. ప్రింటు వేయిస్తేనే మూడో వరసలో నిల్చున్న వాళ్ళ మొహాలు పిండి ముద్దల్లా వస్తాయి. 2023 నుంచి హెచ్‌డీ అని ఒక మీట ఇచ్చారు, అది నొక్కితే కాస్త నయం. పూర్తి ఫొటో కావాలంటే మాత్రం "డాక్యుమెంట్" కింద పంపాలి. రెండో నష్టం ఇంకా పెద్దది. ఫోన్‌తో ఫొటో తీసినప్పుడు ఆ ఫైలు లోపలే తీసిన తేదీ, సమయం రాసుకుంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపినప్పుడు అది తుడిచిపెట్టుకుపోతుంది. అందుకున్న వాడి ఫోన్లో ఫైలు పేరులో కనబడే తేదీ వాడికి చేరిన రోజుది. 2019లో తీసింది ఇవాళ మీకు పంపితే మీ ఫోన్లో అది ఇవాళ్టి ఫొటో. ఇలా పదిసార్లు చేతులు మారాక అది ఏ ఏడాదిదో చెప్పగలవాడు ఉండడు. పైగా గ్రూపులో పైకి వెళ్ళి పాత ఫొటో నొక్కితే, మళ్ళీ పంపమని అడగండి అని చూపిస్తుంది. వాట్సాప్ వాళ్ళు మన ఫొటోలని ఎల్లకాలం తమ దగ్గర ఉంచుకోరు, చేర్చడం వరకే వాళ్ళ పని. గ్రూపు టపా బంట్రోతు లాంటిది, బీరువా లాంటిది కాదు.

ఇక బీరువాలో పెన్‌డ్రైవ్. పెద్దలు అన్నారని కాదనలేక చాలామంది సరే అన్నారు గానీ నాకు ఇది అన్నిటికన్నా ప్రమాదంగా కనబడుతోంది. పెన్‌డ్రైవ్ అనేది ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళ్ళడానికి చేసింది. దాంట్లో సమాచారం సన్నటి విద్యుత్ ఆవేశం రూపంలో ఉంటుంది. ఏళ్ళ తరబడి కరెంటు తగలకుండా పడుంటే అది మెల్లగా కారిపోవచ్చు. చవక రకంది అయితే ఇంకా తొందరగా. పోయేటప్పుడు చెప్పి పోదు, ఒక రోజు కంప్యూటర్‌కి పెడితే "ఫార్మాట్ చేయమంటారా" అని అడుగుతుంది. మన సంఘంలో బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో కార్యవర్గం మారినప్పుడల్లా ఒక వారం వెతుకుతామన్న సంగతి వేరే.

అది అలా ఉంచండి. మనం ఉన్నది ఏ తీరంలో? 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. మనకి రోజుల తరబడి కరెంటు లేదు. గోడ మీది పటాల్లోకి నీళ్ళు దిగి ఫొటోలు అద్దానికి అతుక్కుపోయిన ఇళ్ళు మనలో ఎన్నో. (అలా అతుక్కున్న వాటిని గోరుతో లాగకండి, పొర ఊడి వచ్చేస్తుంది. అద్దం పైనుంచే, వెలుగు పక్క నుంచి పడేలా చూసి ఫోన్‌తో ఫొటో తీసేసుకోండి.) సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12నే, హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018 అక్టోబరు 11న తిత్లీ మన ఇచ్ఛాపురం, పలాస వైపు అంతా తుడిచిపెట్టింది, గంజాంని కూడా వదల్లేదు. కాబట్టి ఒక్క గదిలో, ఒక్క బీరువాలో ఉన్నది భద్రంగా ఉన్నట్టు కాదు. ఇంకో ప్రతి విశాఖలో మా అబ్బాయి దగ్గర పెడదాం అని ఒక అన్నయ్య అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ విశాఖదీ మనదీ ఒకటే సముద్రం, ఒకటే అక్టోబరు. రెండో ప్రతి తీరానికి దూరంగా ఉండాలి. హైదరాబాదో, బెంగుళూరో. మన పిల్లలు ఎలాగూ అక్కడే ఉన్నారు.

ఇప్పుడు క్లౌడ్. కుర్రాళ్ళ మాటలో సగానికి పైగా నేను ఒప్పుకుంటాను. తుఫాను వచ్చినా, ఫోన్ చెరువులో పడినా అక్కడున్నది అక్కడే ఉంటుంది. ఎక్కడి నుంచైనా తెరవచ్చు. మనుమడు అమెరికాలో చూస్తాడు, అమ్మమ్మ ఇక్కడ చూస్తుంది. అందుబాటు అంటే అదే. కానీ నాలుగు సంగతులు తెలిసి వాడాలి.

ఒకటి, గూగుల్ ఫొటోస్‌లో ఉచితం అన్నది 15 జీబీ, అందులోనే మెయిలూ డ్రైవూ కూడా. ఎంతైనా పెట్టుకోండి అన్న రోజులు 2021 జూన్ 1తో అయిపోయాయి. 2024 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ 15లోంచే తింటోంది. నిండిపోయాక కొత్త ఫొటోలు పైకి వెళ్ళడం ఆగిపోతుంది. ఫోన్ ఒక చిన్న హెచ్చరిక చూపిస్తుంది, మనం దాన్ని పక్కకి తోసేస్తాం. మీలో ఎంతమందికి ఫొటోలు ఆగిపోయి ఏడాది దాటిందో ఇప్పుడే చూసుకోండి. ఆపిల్ ఫోన్ వాళ్ళకి ఉచితం 5 జీబీనే, వాళ్ళకి ఇంకా తొందరగా నిండుతుంది.

రెండు, ఇది చాలామందికి అర్థం కానిది. ఫోన్లో చోటు లేదని గూగుల్ ఫొటోస్ తెరిచి ఫొటోలు డిలీట్ కొడతారు, "పైన ఉన్నాయిగా" అనుకుంటూ. ఆ యాప్‌లో మామూలుగా డిలీట్ కొడితే పైన ఉన్నది కూడా పోతుంది. చెత్తబుట్టలో 60 రోజులు ఉంటుంది, తర్వాత దేవుడు కూడా ఇవ్వలేడు. ఫోన్లోంచి మాత్రమే తీయాలంటే "ఫ్రీ అప్ స్పేస్" అన్నది వాడాలి. ఆపిల్ ఐక్లౌడ్ కూడా ఇంతే, అక్కడ గడువు 30 రోజులు. ఒక చోట తీస్తే అన్ని చోట్లా పోయేది అద్దం లాంటిది. అద్దం ముందు నుంచి మనిషి తప్పుకుంటే బొమ్మ ఉండదు కదా. అది ఎంత పనికొచ్చేదైనా, దాన్ని రెండో ప్రతిగా లెక్క కట్టకూడదు.

మూడు, వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల ఫోల్డరు తనంతట తాను గూగుల్ ఫొటోస్‌కి వెళ్ళదు. సెట్టింగుల్లో ఆ ఫోల్డరు విడిగా ఎంచుకోవాలి. బంధువులు పంపిన పెళ్ళి ఫొటోలన్నీ అలాగే మిగిలిపోతున్నాయి.

నాలుగోది చెప్పడానికి ఇబ్బందిగా ఉంది కానీ చెప్పాలి. ఖాతా మనిషితో పాటు పోతుంది. మన సంఘం ఫొటోలు ఎప్పుడూ ఒకరిద్దరు ఉత్సాహవంతుల సొంత ఖాతాల్లోనే ఉంటున్నాయి. ఆ మనిషి కాలం చేస్తే పాస్‌వర్డు ఎవరికీ తెలియదు, ఓటీపీ వెళ్ళే నంబరు రీఛార్జి లేక కొన్ని నెలలకి ఆగిపోతుంది, తర్వాత ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చేస్తారు. రెండేళ్ళు ఎవరూ తెరవని ఖాతాని తీసేస్తామని గూగుల్ చెప్పింది, 2023 డిసెంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. ఇంట్లో వాళ్ళు దుఃఖంలోంచి తేరుకుని, ఫోన్ తెరిపించి, ఫొటోల సంగతి ఆలోచించేసరికి రెండేళ్ళు ఎంతసేపు? దీనికి మందు ఉంది. గూగుల్ ఖాతాలో "ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్" అని ఉంటుంది. ఇన్ని నెలలు నేను తెరవకపోతే ఫలానా వాళ్ళకి నా ఫొటోలు ఇవ్వండి అని ముందే రాసి పెట్టొచ్చు. ఐఫోన్‌లో "లెగసీ కాంటాక్ట్" అంటారు. పది నిమిషాల పని. వీలునామా రాయడానికి జంకే వాళ్ళు కూడా ఇది చేయొచ్చు, ఇందులో ఆస్తి తగాదాలు లేవు.

మరి నేను చెప్పేదేమిటి? వేరే దేశాల్లో ఫొటోగ్రాఫర్లు చాలాకాలంగా పాటించే లెక్క ఒకటుంది. మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే ఊళ్ళో. మనకి సరిపోయేలా చెబితే: సంఘం పేరు మీద, ఎవరి సొంతానికీ కాకుండా, ఒక ఖాతా. దాని పాస్‌వర్డు కాగితం మీద రాసి సీలు వేసిన కవర్లో కార్యదర్శి దగ్గర ఒకటి, కోశాధికారి దగ్గర ఒకటి. రెండు హార్డ్ డిస్కులు, ఒకే కంపెనీవి కాకుండా. ఒకటి ఇక్కడ, ఒకటి బెంగుళూరులో. ఒక టెరాబైట్ డిస్కులో నాలుగేసి ఎంబీల ఫొటోలు రెండున్నర లక్షలు పడతాయి, మన సంఘానికి ఇరవై ఏళ్ళకి చాలు. కానీ డిస్కు ఇరవై ఏళ్ళు బతకదు. అయిదారేళ్ళకి ఒకసారి కొత్తది కొని అందులోకి మార్చాలి. ఏడాదికి ఒకసారి, వినాయక చవితి వెళ్ళిన ఆదివారం అనుకుందాం, ఇక్కడి డిస్కు కంప్యూటర్‌కి పెట్టి ఒక ఇరవై ఫొటోలు ఎక్కడెక్కడివో తెరిచి చూడాలి. తెరుచుకోని బ్యాకప్ మీద ఎంత నమ్మకం పెట్టుకున్నా దండగే. అక్టోబరు ముందే ఎందుకో ఇప్పుడు మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఇంతవరకు చాలామంది ఒప్పుకుంటారనుకుంటాను. నాకు ఎక్కువ దిగులుగా ఉన్నది ఇంకొకటి. దాచడం ఒక ఎత్తు, దాచింది ఎవరికైనా పనికిరావడం ఇంకో ఎత్తు. రెండు లక్షల ఫొటోలున్న డిస్కు మనవడి చేతికిస్తే వాడు ఏం చేస్తాడు? పది నిమిషాలు తిప్పి పక్కన పెడతాడు. వాడికి ఆ మొహాలు తెలియవు.

మన ఇళ్ళల్లో పాత ఫొటోల వెనక పెన్సిల్‌తోనో సిరాతోనో తెలుగులో పేర్లుంటాయి. ఎడమ నుంచి కుడికి ఫలానా, ఫలానా అని. మన పిల్లల్లో చాలామంది ఒడియా, ఇంగ్లీషు చదువుల్లో పెరిగారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఆ పేర్లు వాళ్ళకి గీతలే. ఇప్పటి ఫొటోల వెనక ఆ గీతలు కూడా లేవు, ఫోన్ ఫొటోకి వెనక వైపే లేదు! ఠాకురాణీ యాత్రకి అమ్మవారు దేశిబెహరా వీధికి పుట్టింటికి వచ్చినప్పుడు రెండేళ్ళకోసారి మనవాళ్ళు వేల ఫొటోలు తీస్తారు. వేషాలు కట్టిన పిల్లలు, ఘటం ఎత్తుకున్న ఆడపడుచులు. 2025 యాత్ర ఫొటోలు చూడండి. ఎవరు ఎవరి పిల్లో, ఏ మొక్కుకి ఏ వేషం కట్టారో ఇప్పుడు మనకి తెలుసు. ఇంకో పది యాత్రలు గడిచాక అవి కూడా ఇంటర్నెట్‌లో దొరికే ఏదో ఉత్సవం బొమ్మల్లా అయిపోతాయి.

గూగుల్ ఫొటోస్ మొహాలు పోల్చి ఒకచోట చేరుస్తుంది కదా, పేర్లు అందులో రాస్తే చాలదా అని మా చెల్లెలి కొడుకు అడిగాడు. వెతుక్కోవడానికి బాగుంటుంది, వాడుకోండి. కానీ ఆ పేర్లు ఫొటో లోపలికి వెళ్ళవు. రేపు ఆ ఖాతాలోంచి ఫొటోలన్నీ దించుకుంటే మొహాలకి మనం పెట్టిన పేర్లు ఫొటోల లోపల ఉండవు. ఫొటో కింద మనం రాసిన వివరాలు వేరే ఫైళ్ళలో విడిగా వస్తాయి, వాటిని మళ్ళీ జత చేయడం మనలాంటి వాళ్ళ వల్ల కాదు. అందుకే నేను పాతకాలపు పద్ధతే మేలంటాను. ఫోల్డరు పేరు ఏడాదితో, నెలతో మొదలుపెట్టి సందర్భం రాయాలి. "2025-04 ఠాకురాణీ యాత్ర" అన్నట్టు. అలా రాస్తే ఏ కంప్యూటరులోనైనా వాటంతట అవే వరసలో కూర్చుంటాయి. ప్రతి సందర్భానికీ ఆరు వందల్లోంచి ఇరవై ఎంచి, వాటికి నంబర్లు వేసి, ఒక పుస్తకంలో ఆ నంబరు ఎదురుగా పేర్లు, ఇంటిపేరు, వీధి రాయాలి. తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో. ఆ పుస్తకం పేజీలని కూడా ఫొటో తీసి అదే ఫోల్డరులో పెట్టాలి. ఆ ఇరవైని ప్రింటు వేయించి ఆల్బమ్‌లో అంటించి సంఘం హాల్లో బల్ల మీద ఉంచాలి. కరెంటు పోయినా, నెట్ పోయినా, పాస్‌వర్డు మరిచిపోయినా తెరుచుకునేది అదొక్కటే. ఆదివారం హాలుకి వచ్చిన పెద్దమ్మ ఒకావిడ ఆ ఆల్బమ్ తిప్పుతూ "ఇది ఫలానా వాళ్ళ కోడలు కదా" అంటే, పక్కనున్న పిల్ల ఫోన్లో ఆవిడ మాట రికార్డు చేసుకోవచ్చు. ఆ రెండు నిమిషాల ఆడియో కూడా అదే ఫోల్డరులోకి. మన యాస ఎలా ఉండేదో చెప్పడానికి అది కూడా పనికొస్తుంది.

ఆరు వందల్లోంచి ఇరవై ఎంచడం దగ్గరే గొడవలొస్తాయని నాకు తెలుసు. మా అమ్మాయి డాన్సు ఫొటో ఎందుకు లేదు అని అడుగుతారు. అడగనివ్వండి. మిగతా అయిదు వందల ఎనభై డిస్కులో ఎలాగూ ఉంటాయి. ఎంపికకి ముగ్గురిని వేయండి, అందులో ఇద్దరు ఆడవాళ్ళుండాలి. ఇప్పటిదాకా మన సంఘం ఫొటోల్లో వేదిక మీద శాలువాలు కప్పించుకున్న మగవాళ్ళే కనబడతారు. వెనక పులిహోర కలిపిన వాళ్ళు ఒక్క ఫొటోలోనూ ఉండరు.

అందుబాటు అన్నాను గానీ, ఎవరికి అన్నది కూడా చూసుకోవాలి. ఆడపిల్లల ఫొటోలు, చంటిపిల్లల ఫొటోలు లింకు ఉన్న ప్రతివాడికీ తెరుచుకునేలా పెట్టడం నాకు ఇష్టం లేదు. లింకు ఒకసారి బయటికి వెళ్తే ఎక్కడాగుతుందో చెప్పలేం. సంఘం ఖాతాలోని ఆల్బములు సభ్యుల మెయిళ్ళకి మాత్రమే తెరుచుకోవాలి. ఏ కుటుంబమైనా ఫలానా ఫొటో తీసేయండి అంటే కారణం అడగకుండా తీసేయాలి. ఇళ్ళలోని సొంత ఫొటోలు సంఘం అడగకూడదు. ఇష్టపడి ఇచ్చినవి పుచ్చుకుంటే చాలు.

ఇంట్లో మీ సొంత ఫొటోలకి ఇంత తతంగం అక్కర్లేదు. ఒక క్లౌడ్ ఖాతా, ఒక హార్డ్ డిస్కు, ఏడాదికి ఒక సాయంత్రం. ఫోన్‌కి చిన్న ఓటీజీ ముక్క తగిలిస్తే కంప్యూటరు లేకపోయినా చాలా డిస్కులు నేరుగా ఎక్కించుకోవచ్చు. గుడ్‌మార్నింగ్ బొమ్మలు ముందే తీసేయండి, చాలామంది ఫోన్లలో సగం బరువు అవే.

ఖర్చు సంగతి. రెండు డిస్కులు, ఏడాదికి ఇరవై ఇరవై ప్రింట్లు, క్లౌడ్‌కి వంద జీబీ చందా. ఆ చందా నెలకి ఒక సినిమా టికెట్టు కన్నా మించదు. మనం ఒక్క సన్మాన సభకి శాలువాలకీ మెమెంటోలకీ పెట్టే దాంట్లో ఇది సర్దుకుంటుంది. రెండు మెమెంటోలు తగ్గితే ఎవరూ నొచ్చుకోరని నా నమ్మకం. నొచ్చుకుంటే నా పేరు చెప్పండి.

దసరా ముందు జరిగే సర్వసభ్య సమావేశంలో ఇదే తీర్మానంగా పెడుతున్నాను. ఈలోగా రెండు సాయాలు కావాలి. మీ ఫోన్లలో ఉన్న సంఘం కార్యక్రమాల ఫొటోలు, వాట్సాప్‌లో వచ్చినవి కాకుండా మీరు స్వయంగా తీసినవి, తీసిన ఫోన్‌తోనే హాలుకి తీసుకురండి, ఆదివారం పొద్దున్న పది నుంచి ఒంటిగంట దాకా నేను లాప్‌టాప్‌తో అక్కడే ఉంటాను. పాత కార్యవర్గాల్లో ఉన్న పెద్దలు కళ్ళజోడు మరిచిపోకుండా రండి, పేర్లు మీరే చెప్పాలి. రెండోది, పండక్కి వచ్చి బెంగుళూరు తిరిగి వెళ్ళే పిల్లలు ఎవరింట్లో ఉన్నారో కింద రాయండి. డిస్కు ఒకటి వాళ్ళతో పంపాలి.